ప్రీయాంప్ పీకేశాక

బావ అన్న మాట ఇంకా అరగట్లేదు. "ప్రీయాంప్ లేకుండా తిన్నగా యాంప్‌కే కలిపేశావా? పాటలో జీవం పోతుందిరా!" వచ్చి విన్నాడా అంటే అదీ లేదు, ఫోన్లోనే తీర్పు. ప్రీయాంప్ అంటే యాంప్ ముందు పెట్టే డబ్బా, పాట సిగ్నల్ని పెంచడం, తగ్గించడం దాని పని.

మా డాక్, అంటే డిజిటల్ పాటని యాంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డబ్బా, ఫుల్‌లో 2 వోల్టులిస్తుంది. స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌కి ఒకటిన్నర చాలు, ఉన్న బలమంతా బయటికొచ్చేస్తుంది. ఇక్కడ పెంచే పనే లేదు, తగ్గించుకోవడమే. దానికి మధ్యలో ఇంకో డబ్బా, ఇంకో జత వైర్లు, దాని గుయ్యిమనే హమ్ము ఎందుకని పొద్దున తీసి పక్కన పెట్టా. వీణ తీగ మీటాక నాదం సన్నబడి ఆగిపోయేదాకా వినబడింది. ఆ సంగతి చెప్తే "నీ భ్రమ" అన్నాడు. జీవం పోతుందనేదీ ఆయనే, తేడా ఉండదనేదీ ఆయనే! పైగా డిజిటల్ వాల్యూమ్ తగ్గిస్తే బిట్లు, అంటే పాటలోని సన్నని వివరాలు, పోతాయట. 6 డెసిబెల్స్‌కి ఒక బిట్టు, కాదనను. కానీ సీడీ 16 బిట్లు, డాక్ 24, ఎనిమిది ఎక్కువే. అంటే 48 డెసిబెల్స్ తగ్గించుకున్నా పాట బిట్లేం పోవు.

మా ఊరి పెళ్లిళ్లలో మైక్‌సెట్ వాళ్లకి వేరే ప్రీయాంప్ డబ్బా ఎక్కడుండేది? రికార్డు ప్లేయర్ నుంచి వైరు యాంప్లిఫయర్‌కి, అక్కణ్ణుంచి వేపచెట్టుకి కట్టిన హారన్‌కి. అంతే. పక్కనే స్టూలు మీద ఓ కుర్రాడు. పంతులుగారు చెయ్యెత్తితే పాట తగ్గించాలి, తాళి కట్టగానే మళ్లీ పెంచాలి. భోజనాలకి పిలిచినా వాడి వేళ్లు నాబ్ మీంచి లేచేవి కావు. విస్తరి వాడి దగ్గరికే వచ్చేది.

అవును, నాబ్. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. డాక్ తన వాల్యూమ్ మర్చిపోయి ఫుల్‌లో లేచింది. నేను ఫోన్ లాక్ తీసి, యాప్ తెరిచి, గీత కిందికి లాగేలోపు అత్తయ్య పూజగదిలోంచి బయటికొచ్చేశారు, మా ఆవిడ యాంప్ స్విచ్చే కట్టేసింది. స్పీకర్లలో ఊఫర్లు బతికాయి. నా పరువు సంగతి అడక్కండి.

కాబట్టి తిన్నగా కలపడం మంచిదే గానీ, చేతికందే నాబ్ లేకుండా కాదు. కోఠి గుజరాతీ గల్లీలో 10 కిలో ఓమ్స్ స్టీరియో పాట్ (నాబ్ తిప్పి సిగ్నల్ తగ్గించుకునే రెసిస్టర్) ఒకటి తెచ్చి, చిన్న రేకు డబ్బాలో బిగిస్తా. కేబుల్ పొట్టిగా ఉంచితే చాలు. బావ దాన్నీ ప్రీయాంపే అంటాడు, అననీ.

పాత ప్రీయాంప్ అమ్మేద్దామనుకున్నా గానీ నాన్న రికార్డులున్నాయిగా. రికార్డు ప్లేయర్ సూదుండే కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులే, దాన్ని పెంచే ఫోనో స్టేజ్ ఉన్నది ఆ ప్రీయాంప్‌లోనే. బీరువా మీద ఉండనీ.