ఐర్లండ్‌లో పార్ట్ 8: కట్టేదీ కౌన్సిలే, సరేననేదీ కౌన్సిలే

ప్రజాభిప్రాయ సేకరణ అనగానే మనవాళ్ళకు షామియానా, మైకు, వేదిక మీద కలెక్టరు, చుట్టూ పోలీసులు గుర్తుకొస్తారు. ఐర్లండ్‌లో కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ, తన స్థలంలో ఇళ్ళో లైబ్రరీయో కట్టదలచుకున్నప్పుడు అలాంటి హడావుడి అవసరం లేదు. పేపర్లో ఒక ప్రకటన, స్థలం దగ్గర ఒక నోటీసు, చూసుకోడానికి ప్లాన్లు పెడితే చట్టం తృప్తిపడుతుంది. దీన్నే పార్ట్ 8 అంటారు. 2000 నాటి ప్లానింగ్ చట్టంలోని 179వ సెక్షన్, 2001 నిబంధనల్లోని ఎనిమిదో భాగం దీనికి ఆధారం.

ప్రైవేటు బిల్డరు దరఖాస్తు మీద అభ్యంతరం చెప్పాలంటే 20 యూరోలు కట్టాలి, నిర్ణయం నచ్చకపోతే అప్పీలుకు వెళ్ళొచ్చు. పార్ట్ 8లో రుసుము లేదు. అప్పీలూ లేదు. అందుకే మొదటి నోటీసు కంటపడినప్పుడే కదలాలి.

కౌన్సిల్ కట్టే ప్రతిదానికీ ఇది వర్తించదు. ఒక్క ఇల్లు కట్టినా మామూలుగా పార్ట్ 8 పెట్టాల్సిందే. కొత్త రోడ్డు లేదా ఉన్న రోడ్డు వెడల్పు పని పట్టణంలో 100 మీటర్లు, బయట 1 కిలోమీటరు దాటితే పెట్టాలి. వంతెన, లైబ్రరీ, ఫైర్ స్టేషన్, స్విమ్మింగ్ పూల్, శ్మశానం కూడా నిబంధనలు ఇచ్చిన జాబితాలోవే. జాబితాలో లేని పని ఖర్చు అంచనా 1,26,000 యూరోలు దాటితే అదీ వస్తుంది. మరమ్మతులు, అత్యవసర పనులు రావు. స్పీడ్ బ్రేకర్ల లాంటివి 1994 రోడ్ ట్రాఫిక్ చట్టంలోని 38వ సెక్షన్ కింద నడుస్తాయి. "మా వీధిలో హంపులు వేశారు, పార్ట్ 8 ఎందుకు పెట్టలేదు" అని గొడవపడి ప్రయోజనం లేదు.

ఇక తేదీలు. పేపర్లో ప్రకటన వచ్చాక కనీసం 4 వారాలు ప్లాన్లు జనానికి అందుబాటులో ఉంచాలి. అది ముగిశాక కనీసం మరో 2 వారాలు అభిప్రాయాలు తీసుకోవాలి. అంటే చేతిలో ఉన్నవి 6 వారాలు. ఆ తర్వాత 8 వారాల్లోగా చీఫ్ ఎగ్జిక్యూటివ్, అంటే కౌన్సిల్ ఉద్యోగులకు పెద్ద, నివేదిక తయారుచేసి కౌన్సిలర్లకు ఇవ్వాలి. అది అందిన 6 వారాల్లోగా కౌన్సిలర్లు తేల్చాలి. మొత్తం 20 వారాలు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నోటీసు చివర్లో పర్యావరణ ప్రభావ అధ్యయనం అవసరం లేదని కౌన్సిల్ తేల్చినట్టు ఒక పేరా ఉంటుంది. ఆ తేల్చడం తప్పనిపిస్తే దేశస్థాయి ప్లానింగ్ అప్పీళ్ళ సంస్థ ఆన్ బోర్డ్ ప్లనాలాను ఆశ్రయించొచ్చు; 2025 జూన్ నుంచి దాని పేరు ఆన్ కిమిషూన్ ప్లనాలా. ఆ గడువు మాత్రం 6 వారాలు కాదు, ప్రకటన వచ్చిన రోజు నుంచి 4 వారాలే. వాగు పక్కనో, పెద్ద చెట్ల మధ్యనో కడుతున్నారంటే ముందు ఈ పేరా చదవండి, తర్వాతే డ్రాయింగుల జోలికి వెళ్ళండి.

డ్రాయింగుల్లో మొదట 1:500 సైట్ లేఅవుట్ తెరవండి. మీ కిటికీకి, కొత్త గోడకు మధ్య దూరం ఎంత, వాన నీరు ఎటు పోతుంది, కార్లు ఏ మలుపు దగ్గర రోడ్డెక్కుతాయి అన్నవి అందులోనే తెలుస్తాయి. రంగు రంగుల ఊహాచిత్రాలు చూసి అభిప్రాయం రాస్తే కాగితం వృథా. సైట్ నోటీసు 4 వారాలూ అక్కడే, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు కనిపించేలా ఉండాలి. గాలికి ఎగిరిపోయినా, పొద చాటున పెట్టినా తేదీ పడేలా ఫోటో తీసి పెట్టుకోండి.

రాసేటప్పుడు అన్నిటికంటే గట్టి ఆధారం అదే 2000 చట్టంలోని 178వ సెక్షన్. కౌన్సిల్ తన సొంత డెవలప్‌మెంట్ ప్లాన్‌ను, అంటే తన ప్రాంతానికి తానే రాసుకున్న అభివృద్ధి ప్రణాళికను, గణనీయంగా ఉల్లంఘించే నిర్మాణం చేయకూడదు. కాబట్టి ఆ ప్లాన్‌లో ఆ స్థలానికి ఏ జోనింగ్ ఉంది (దేనికి కేటాయించారు), పార్కింగ్, పచ్చటి జాగా గురించి ఏం రాశారు అని వెతికి, పేజీ నంబరుతో సహా చూపించండి. వరద ముప్పు, మురుగు కాల్వ సామర్థ్యం, వెలుతురు, ఇంట్లోకి చూపు పడటం, స్కూలు వేళల్లో రద్దీ కూడా చెల్లే విషయాలే. ఆ ఇళ్ళలోకి ఎవరు వస్తారన్నది ప్లానింగ్ విషయం కాదు. సోషల్ హౌసింగ్ (కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళు) అనగానే వచ్చిపడే ఉత్తరాల్లో సగం బలం అక్కడే ఆవిరైపోతుంది, అది న్యాయమే కూడా.

ఒకే ఉత్తరాన్ని కాపీ కొట్టి వందమంది పంపినా నివేదికలో అది సాధారణంగా ఒకే అంశంగా తేలుతుంది. వేర్వేరు అంశాల మీద ఐదుగురు రాస్తే ఐదింటికీ చీఫ్ ఎగ్జిక్యూటివ్ సమాధానం రాయాలి; లేవనెత్తిన అంశాలు, వాటికి జవాబులు నివేదికలో ఉండాలని చట్టమే చెబుతోంది. రాసినవాళ్ళ పేర్లూ అందులో ఉంటాయి, అది తెలిసి రాయండి. "వద్దు" అనడం కన్నా "మూడో అంతస్తు తీసేయండి", "గేటు అటువైపు పెట్టండి" అన్నవాటికే మార్పు దొరికే అవకాశం ఎక్కువ. మార్పులతో ముందుకెళ్ళమని సిఫారసు చేయడం చీఫ్ ఎగ్జిక్యూటివ్‌కు తేలిక.

నివేదిక వచ్చాక అందరూ చేతులు దులుపుకుంటారు కానీ అసలు పని అప్పుడే మొదలు. కౌన్సిలర్లు ఆ 6 వారాల్లో తీర్మానం చేసి మార్చకపోతే, ఆపకపోతే, నివేదికలో ఉన్నట్టే పని మొదలుపెట్టుకోవచ్చు. ఇక్కడ మౌనం అంటే ఒప్పుకోలు. ఆపాలన్నా మార్చాలన్నా తీర్మానంలో కారణాలు రాయాలి. ఆ కారణాలు మీరే మీ వార్డు కౌన్సిలర్‌కు ఒక పేజీలో రాసి ఇస్తే ఆయన పని తేలికవుతుంది. ఐరిష్ పౌరసత్వం లేదని వెనకాడక్కర్లేదు. అభిప్రాయం ఎవరైనా రాయొచ్చు. పైగా ఐర్లండ్‌లో నివాసముండి ఓటరు జాబితాలో చేరితే స్థానిక ఎన్నికల్లో ఏ దేశస్థులకైనా ఓటుంటుంది. స్టాంప్ 4 (వర్క్ పర్మిట్ లేకుండా పనిచేసుకోనిచ్చే నివాస అనుమతి) కూడా రాని మనవాళ్ళు చాలామందికి ఈ సంగతి తెలియదు, కౌన్సిలర్లకు మాత్రం బాగా తెలుసు.

తర్వాత మిగిలేది హైకోర్టులో జుడీషియల్ రివ్యూ ఒక్కటే. దానికి గడువు 8 వారాలు. కోర్టు చూసేది పద్ధతి చట్టప్రకారం నడిచిందా లేదా అని, భవనం బాగుందా అని కాదు. నోటీసు ఫోటోలు అక్కడ పనికొస్తాయి.

2024లో కొత్త ప్లానింగ్ చట్టం వచ్చింది, అంచెలంచెలుగా అమల్లోకి తెస్తున్నారు. కాబట్టి నోటీసు మొదటి రెండు వాక్యాల్లో ఏ చట్టం, ఏ సెక్షన్ అని రాసి ఉందో చూసుకుని, గడువులు దాన్నిబట్టే లెక్కపెట్టండి. ఆఖరి రోజు సాయంత్రం ఎన్నింటికి మూస్తారో కూడా నోటీసులోనే ఉంటుంది. ఆ వేళ దాటి పంపినదాన్ని లెక్కలోకి తీసుకోరు.