ఫుల్ సిగ్నల్ ఉంది, ఇంటర్నెట్ లేదు: ఎయిర్‌పోర్టులో ఫ్రీ వైఫై కోసం నా తంటాలు

అర్ధరాత్రి దాటాక విమానం దిగాను. అక్కడే ఇంకో విమానం మారాలి. బోర్డు చూస్తే, నేను ఎక్కాల్సింది ఐదు గంటలు ఆలస్యం. కూర్చోవడానికి నాకేం ఇబ్బంది లేదు. టెన్షనంతా తమ్ముడి గురించే. నన్ను తీసుకెళ్లడానికి వాడు రెండు గంటలు కారు నడుపుకుంటూ రావాలి. నా లెక్క ప్రకారం వాడు ఇంట్లోంచి బయల్దేరడానికి ఇంకా రెండు గంటల టైముంది. ఆలోపు ఒక్క మెసేజ్ చేరితే చాలు, హాయిగా పడుకుంటాడు. చేరకపోతే తెల్లవార్లూ పార్కింగ్‌లో పడిగాపులు పడతాడు. నేనేమో సిమ్‌కి రోమింగ్ వేయించుకోలేదు. ఎయిర్‌పోర్టులో వైఫై ఫ్రీగా ఉంటుంది కదా అని ధీమాగా వచ్చేశాను.

ఫోన్‌లో వైఫై జాబితా తీస్తే దాదాపు ఒకేలాంటి పేర్లు రెండు కనిపించాయి. ఇక్కడ మాత్రం తొందరపడలేదు. అసలు పేరుకు దగ్గరగా ఉండే పేరుతో దొంగ నెట్‌వర్క్ పెట్టి, లాగిన్ పేజీ అని నమ్మించి పాస్‌వర్డులు కాజేసేవాళ్లుంటారు. ఆస్ట్రేలియాలో ఎయిర్‌పోర్టుల్లోనూ విమానాల్లోనూ ఇలాగే చేశాడని 2024లో ఒకతని మీద అక్కడి ఫెడరల్ పోలీసులు కేసు పెట్టారు. అది చదివిన దగ్గర్నుంచి నాకు జాగ్రత్త ఎక్కువైంది. కాస్త దూరంలో స్తంభానికి అంటించిన బోర్డు మీద వైఫై పేరు రాసి ఉంది. ఒక్కో అక్షరం పోల్చి చూసుకుని, అదే నొక్కాను.

కనెక్ట్ అయింది. గీతలు నిండుగా ఉన్నాయి, పక్కన చిన్న ఆశ్చర్యార్థకం గుర్తు. వాట్సాప్‌లో తమ్ముడికి రాసిన మెసేజ్ పక్కన గడియారం బొమ్మ అలాగే ఉండిపోయింది. లాగిన్ పేజీ దానంతట అదే వస్తుందని బోర్డు మీద ఉంది. నాకు రాలేదు. వైఫై ఆపి మళ్లీ వేశాను. ఫోన్ రీస్టార్ట్ చేశాను. బ్రౌజర్‌లో నాకు అలవాటైన సైట్లన్నీ కొట్టి చూశాను. ఒకటి తిరుగుతూనే ఉంది, ఇంకోటి 'కనెక్షన్ సురక్షితం కాదు' అంది. ఇరవై నిమిషాలు ఇలాగే పోయాయి.

పక్క సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఒక కుర్రాడు నా అవస్థ చూసి, ఏమైందని ఇంగ్లీషులో అడిగాడు. ఫోన్ చూపించాను. ముందు వీపీఎన్ (ఫోన్ ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించే యాప్) ఉందా అని అడిగాడు, లేదన్నాను. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ తెరిపించాడు. సైటు పేరు చెబితే దాని అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ను మనమే ఎంచుకునే చోటది. ప్రకటనలు రాకుండా ఉంటాయని ఎప్పుడో నేనే అందులో ఒక సర్వర్ పేరు పెట్టుకున్నాను, తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. లాగిన్ అయ్యేదాకా ఈ వైఫై దేన్నీ బయటికి పోనివ్వదు. నా ఫోనేమో ఏ సైటు అడ్రస్ కావాలన్నా బయటున్న ఆ సర్వర్‌నే అడుగుతానని పట్టుబట్టి కూర్చుంది. ఇంక పేజీ ఎలా వస్తుంది? దాన్ని 'ఆటోమేటిక్'కి మార్చాను.

అప్పటికీ పేజీ దానంతట అది రాకపోతే, హెచ్‌టీటీపీఎస్ (సైటుకూ మనకూ మధ్య తాళం వేసినట్టుండే భద్రమైన కనెక్షన్) లేని సైటు ఒకటి కొట్టమన్నాడు. నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ అని ఇందుకోసమే ఒకటుందట. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. మనం ఏ సైటు అడిగినా ఆ వైఫై మధ్యలో అడ్డుపడి, దాని బదులు తన లాగిన్ పేజీ చూపించాలని చూస్తుంది. ఆ తాళం లేని మామూలు హెచ్‌టీటీపీ అయితే అలా చేయగలదు. ఇప్పుడు సైట్లన్నీ దాదాపు హెచ్‌టీటీపీఎస్ కాబట్టి, మధ్యలో ఎవరో దూరారని బ్రౌజర్ కనిపెట్టి ఆపేస్తుంది. నేను ఇరవై నిమిషాలు చూసిన హెచ్చరికలు అవే. ఆండ్రాయిడ్ ఫోన్ కూడా కనెక్ట్ కాగానే గూగుల్ దగ్గరి ఒక ఖాళీ పేజీని అడుగుతుందట. 204 అనే కోడ్‌తో ఖాళీ జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు, వేరే ఏదైనా వస్తే లాగిన్ కావాలన్నట్టు. 'నెట్‌వర్క్‌కు సైన్ ఇన్ చేయండి' అనే నోటిఫికేషన్ వచ్చేది అలాగేనన్నమాట. ఇన్నేళ్లుగా ఫోన్ వాడుతున్నాను, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఆ సైటు కొట్టగానే లాగిన్ పేజీ వచ్చింది. ఫోన్ నంబర్ అడిగింది. దేశం కోడ్ ఎంచుకుని నంబర్ ఇచ్చాను, ఓటీపీ పంపామంది. అప్పుడు గుర్తొచ్చింది, నా సిమ్ అక్కడ పనిచేయడం లేదు కదా! నెట్‌వర్క్ లేని సిమ్‌కు ఎస్ఎంఎస్ ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఆశ చావక మూడుసార్లు నొక్కాను. కాసేపాగి ప్రయత్నించమని పేజీ మూసుకుపోయింది. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లకే ఈ వైఫై అవసరం ఎక్కువ. వాళ్ల దగ్గర పనిచేయని సిమ్‌కే ఓటీపీ పంపితే ఎలా? ఈ ఏర్పాటు చేసినవాళ్లు ఒక్కసారి వేరే దేశంలో దిగి చూసి ఉంటే బాగుండేది.

టైము చూస్తే తమ్ముడు లేవడానికి ఇంకా గంట కూడా లేదు. సమాచార కేంద్రానికి పరిగెత్తాను. కౌంటర్‌లో ఉన్నామె నేను సగం చెప్పేలోపే, ఎస్కలేటర్ పక్కనున్న మెషీన్ చూపించింది. నేను దాని ముందు నుంచే రెండుసార్లు నడిచాను, టికెట్ల మెషీన్ అనుకున్నాను. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీని బోర్లా పెట్టాలి. ఆ పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసల అక్షరాలుంటాయి, మెషీన్ చదివేది వాటినే. మొదటిసారి చదవలేదు. పాస్‌పోర్టుకు తొడిగిన కవర్ తీసేసి, పేజీ అద్దానికి గట్టిగా ఆనేలా అదిమి పట్టుకున్నాను. టిక్కుమని చిన్న చీటీ బయటికొచ్చింది. బిల్లు కాగితంలా పల్చగా, ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద ఎనిమిది అక్షరాల కోడ్.

మళ్లీ లాగిన్ పేజీకి వెళ్లి, ఫోన్ నంబర్ బదులు కోడ్ ఇచ్చే చోట కొట్టాను. తప్పంది. గుండె జారిపోయింది. చీటీని లైటు కిందికి తెచ్చి చూస్తే, నేను 'ఓ' అనుకున్నది సున్నా. మార్చి కొట్టాను. ఒక గంట వాడుకోవచ్చని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నేను వాట్సాప్ తెరిచేసరికి గడియారం బొమ్మ పోయి రెండు టిక్కులు పడ్డాయి. ఆ రెండు టిక్కుల కోసం నేనెంత ఎదురుచూశానో!

బ్యాంకు యాప్ మాత్రం తెరవలేదు. పాస్‌వర్డ్ లేని వైఫైలో అవసరమైతే తప్ప డబ్బు పనులు పెట్టుకోను. కొత్త విమానం టైము తమ్ముడికి పంపాను, బోర్డు ఫొటో తీసి అదీ పంపాను. చీటీ ఫొటో కూడా తీసుకున్నాను, అలాంటి కాగితం మీద అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి. తర్వాత ఆ కుర్రాడికి థాంక్స్ చెబుదామని వెళ్తే, సీటు ఖాళీగా ఉంది.

అరగంటకు తమ్ముడి జవాబు వచ్చింది: "ఇప్పుడే అలారం మోగింది అక్కా. చూశాను. ఏడింటికి మార్చుకుని పడుకుంటున్నా."