బరంపురం పిన్ని ఇంట్లో లోక్‌సభ

2022 ఏప్రిల్లో నేను బరంపురం వెళ్లింది పిన్ని వాళ్ల అబ్బాయిని చూడ్డానికి. వాడు ఉక్రెయిన్‌లో విన్నిత్సియా అనే ఊళ్లో మెడిసిన్ మూడో ఏడు చదువుతుండగా యుద్ధం వచ్చిపడింది. బస్సులో రొమేనియా సరిహద్దు దాకా, అక్కణ్నుంచి బుకారెస్ట్, అక్కణ్నుంచి విమానంలో ఢిల్లీ, మళ్లీ భువనేశ్వర్, మొత్తానికి మార్చి మొదట్లో ఇల్లు చేరాడు. ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాం కానీ మనిషిని కళ్లారా చూసిరావడం వేరు కదా. ఉగాది వెళ్లగానే విశాఖలో రైలెక్కాను. ఏప్రిల్ 5. సరిగ్గా ఆరోజే లోక్‌సభలో ఉక్రెయిన్ మీద చర్చ మొదలైంది. అందుకే ఈ యాత్రలో సగం బరంపురం, సగం పార్లమెంటు.

రైలు ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పలాస దాటాక జీడిపప్పు పొట్లాలు, సోంపేట దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ, ఇచ్ఛాపురంతో మన రాష్ట్రం సరి. ఆ తర్వాత స్టేషన్ బోర్డుల మీద అక్షరాలు మారతాయి గానీ పెట్టెలో మాటలు మారవు. బరంపురంలో దిగి ఆటోవాడితో నాకొచ్చిన అరకొర ఒడియాలో బేరం మొదలెడితే, అతను నవ్వి "ఎక్కండి బాబూ, గేట్ బజారే కదా" అన్నాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. వి.వి. గిరి పుట్టిన ఊరు. ఇక్కడి మనవాళ్లలో ఇప్పటి పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే మాత్రం నోరు వెళ్లబెడతారు. బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో.

తమ్ముడు సన్నబడ్డాడు. అది తప్ప పెద్ద తేడా కనపడలేదు, బరంపురం పిల్లలకుండే ఎకసెక్కం అలాగే ఉంది. వచ్చిన దారి చెప్పమంటే సరిహద్దు దగ్గర రాత్రి మంచులో నిలబడ్డ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి చూపించాడు. ఏ4 సైజు కాగితం మీద కలర్ ప్రింటు తీసిన మన జెండా. బస్సు అద్దానికి అతికించిందట. నాలుగు మూలలా టేపు పీకినప్పుడు చిరిగిన గుర్తులు, ఆకుపచ్చ రంగు తడికి కిందికి కారి అశోకచక్రం సగం వెలిసిపోయింది. వాహనాలకు జెండా పెట్టుకోమని మన ఎంబసీ వాళ్లే చెప్పారు, ఇంక్ సరిగా లేని ప్రింటర్ దొరికిందని వాడి బాధ. పిన్ని దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది, ఎవరొచ్చినా తీయిస్తోంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి టిఫిన్‌కి తీసుకెళ్లాడు. బరంపురం వెళ్లినవాళ్లు ఉప్మాలో గుగుని కలుపుకుని తినకుండా రాకూడదు, ఇది నా ఆజ్ఞ అనుకోండి. బఠాణీల గుగుని వేడివేడిగా ఉప్మా మీద పోసి, పక్కన ఒక వడ పడేసి ఇస్తారు. మన దగ్గర ఎవరైనా ఇలా చేస్తే దేశబహిష్కారం చేస్తాం కానీ అక్కడ తింటే బాగుంటుంది. అయితే ఆరోజు వడ చిన్నదైంది. బాబాయి అడిగితే కొట్టాయన మూకుడు వైపు గరిటె చూపించి "యుద్ధం అండీ" అన్నాడు. సన్‌ఫ్లవర్ నూనె లీటరు రెండొందలకు దగ్గర పడింది. మనం కొనే సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది, దాని ఓడరేవులు మూతపడ్డాయి, ఆ దెబ్బ ఇక్కడి మూకుడు దాకా వచ్చింది. పెట్రోలూ అంతే. అంతకుముందు నాలుగు నెలలకు పైగా కదలని ధర మార్చి 22 నుంచి రోజూ ఎనభై పైసల చొప్పున ఎక్కుతూ ఆ ఏప్రిల్ 6కి పది రూపాయలు పెరిగింది. ఐదు రాష్ట్రాల ఎన్నికలు అయిపోయాక గుర్తొచ్చిందన్నమాట, ఆ సంగతి ఎవరికి తెలీదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పెట్టారు. బాబాయి రిటైరయ్యాక పార్లమెంటు చూడటం ఆయనకో వ్యసనం, క్రికెట్ చూసినట్టే తిడుతూ పొగుడుతూ చూస్తాడు. చర్చ రూల్ 193 కింద పెట్టారు. మొదలుపెట్టింది కొల్లం ఎంపీ ప్రేమచంద్రన్. ఈ 193 ఏమిటో బాబాయే చెప్పాడు: మాట్లాడుకోవడం ఉంటుంది, చివర్లో ఓటింగ్ ఉండదు. ఓటు కావాలంటే రూల్ 184. విదేశాంగ విధానానికి మన దగ్గర సభ అనుమతి అక్కర్లేదు. 1987లో శ్రీలంకకు మన సైన్యాన్ని పంపినప్పుడూ ముందుగా ఎవరూ చేతులెత్తలేదు, వెయ్యిమందికి పైగా జవాన్లు తిరిగి రాలేదు. అదే బ్రిటన్‌లో చూడండి, 2013 ఆగస్టు 29న సిరియా మీద సైనిక చర్య తీర్మానాన్ని వాళ్ల కామన్స్ సభ 285–272తో ఓడించింది, ప్రధాని కామెరాన్ నోరు మూసుకుని ఒప్పుకున్నాడు. మన సభ కూడా అలా ఓటేయాలా వద్దా అని బాబాయికీ తమ్ముడికీ కాసేపు గొడవ. నా మటుకు నాకు, ఓటింగ్ లేకపోవడం వల్లే ఆరోజు కొంతమంది మనసులో మాట మాట్లాడగలిగారనిపించింది. ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, అదే విప్, లేదు, ఓట్ల లెక్క లేదు. ప్రతిపక్షంలో చాలామంది ప్రభుత్వ వైఖరిని పెద్దగా తప్పుపట్టలేదు, అయితే రష్యా పేరెత్తి ఒక్క మాటైనా అనరా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో మార్చి 2న 141 దేశాలు రష్యాను తప్పుపడితే, ఓటేయకుండా ఉన్న 35లో మనం ఒకళ్లం.

"హంగేరీ అప్పుడూ ఇదే గోల" అన్నాడు బాబాయి. 1956లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో దిగినప్పుడు నెహ్రూ ఈజిప్టు సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్ చేసిన దాడి మీద మాట్లాడినంత గట్టిగా హంగేరీ మీద మాట్లాడలేదని జయప్రకాశ్ నారాయణ్ లాంటివాళ్లు దుయ్యబట్టారు. బాబాయి అప్పటికి పుట్టనే లేదు, కానీ నిన్న జరిగినట్టే చెబుతాడు. ఇంకో గర్వం కూడా ఉంది ఆయనకి. 1996లో పి.వి. నరసింహారావు బరంపురం నుంచి లోక్‌సభకు గెలిచారు, బాబాయి ఆయనకే ఓటేశాడు. 1983 జూలైలో కొలంబోలో తమిళుల మీద మారణకాండ జరుగుతుంటే ఇందిరాగాంధీ హుటాహుటిన పంపింది విదేశాంగ మంత్రిగా ఉన్న పీవీనే. "మా ఎంపీ" అంటాడు బాబాయి. అప్పటికి ఇంకా హనుమకొండ ఎంపీ కదా అని నేననబోయి ఊరుకున్నాను, పిన్ని వడ్డించిన మామిడికాయ పప్పు మీద గౌరవంతో.

విదేశాంగ మంత్రి జైశంకర్ జవాబు వచ్చింది. సంఘర్షణకు మేం గట్టిగా వ్యతిరేకం, రక్తం చిందించి ఏ పరిష్కారమూ రాదు, భారత్ ఒక పక్షం ఎంచుకుందంటే అది శాంతి పక్షం అన్నారు. ఉక్రెయిన్‌లోని బుచా అనే ఊళ్లో జరిగిన పౌరుల హత్యల మీద స్వతంత్ర విచారణ జరగాలన్నారు. ఉక్రెయిన్ నుంచి మనవాళ్లను తెచ్చే ఆపరేషన్ గంగలో 22,500 మందిని తెచ్చామని, సరిహద్దు దేశాలకు నలుగురు మంత్రుల్ని పంపామని లెక్క చెప్పారు. బాబాయి తలూపుతున్నాడు. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, ఆమెకి ఇవేవీ అక్కర్లేదు, "చదువు గురించి ఏటైనా చెప్తాడా లేదా" అని రెండుసార్లు అడిగింది. చెప్పాడు. మూడో ఏడు నుంచి నాలుగో ఏటికి వెళ్లేవాళ్లు రాయాల్సిన క్రోక్-1 పరీక్షను ఉక్రెయిన్ ప్రభుత్వం వచ్చే విద్యా సంవత్సరానికి వాయిదా వేసింది, ఆరో ఏడు వాళ్లకు క్రోక్-2 లేకుండానే డిగ్రీ ఇస్తుంది. మిగతావాళ్ల కోసం హంగేరీ, పోలండ్ లాంటి దేశాలతో మాట్లాడుతున్నాం. అంతే, మంత్రి ఇంకో విషయంలోకి వెళ్లిపోయాడు. తమ్ముడు సోఫాలోంచి లేచి "వాయిదా వేసినా రాయడానికి కాలేజీ ఉండాలి కదా" అంటూ గదిలోకి పోయాడు. సభలో రెండు రోజులు మాట్లాడిన మాటల్లో ఆ ఇంటికి పనికొచ్చింది ఆ నాలుగు వాక్యాలు. అందరూ దేశాల గౌరవం గురించి మాట్లాడారు, అది తప్పని అనను. కానీ తిరిగొచ్చినవాడు మర్నాడు పొద్దున్న లేచి ఏం చెయ్యాలన్నది ఎప్పుడూ చివర్లో ఒక పేరా.

ఈ మాట ఎందుకంటున్నానంటే, సాయంత్రం పక్కింటి మామ్మగారు వచ్చారు, పిల్లాణ్ని పలకరించడానికి. ఎనభై దాటిన మనిషి. కాఫీ తాగుతూ, "మా అమ్మ నన్ను చంకనెత్తుకునే రంగం నుంచి నడిచొచ్చింది, వీడు ఇమానంలో వచ్చీసేడు, అదృష్టవంతుడు" అని నవ్వేసింది. రంగం అంటే రంగూన్, అప్పటి బర్మా రాజధాని. గంజాం నుంచి, శ్రీకాకుళం నుంచి మనవాళ్లు అక్కడ ఓడరేవులో మూటలు మోయడానికి, రైసు మిల్లుల్లో పని చెయ్యడానికి పోయేవాళ్లు. గోపాలపురంలో ఓడ ఎక్కితే రంగంలో దిగడమే. 1941 డిసెంబర్ 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక ఓడల్లో చోటు దొరికిందెవరికి? లక్షలమంది మనవాళ్లు కొండలు, అడవులు పట్టుకుని అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచారు, దారిలో కలరాకి, ఆకలికి పోయినవాళ్లు వేలకు వేలు. "తెల్లోలకి ఓ దారి, మనకి ఓ దారి అట" అంది మామ్మగారు. ఆవిడ పుకారు చెప్పడం లేదు. అప్పట్లో ఢిల్లీ చట్టసభల్లో సభ్యులు ప్రభుత్వాన్ని నిలదీసింది సరిగ్గా ఈ వివక్ష మీదే. వైస్రాయ్ కౌన్సిల్లో ప్రవాస భారతీయుల వ్యవహారాలు చూసిన ఎం.ఎస్. ఆణె జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన సొంతూరు యవత్మాళ్ జిల్లా వణీ, మనకున్న ఇంకో సరిహద్దు. ఇంకో చిత్రం, మేం జైశంకర్ జవాబు విన్న ఏప్రిల్ 6, జపాన్ విమానాలు మా విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసిన తారీఖే. సరిగ్గా ఎనభై ఏళ్లు.

నడిచొచ్చాక మీ నాన్న ఏం చేశాడు మామ్మగారూ అని అడిగాను. "ఏటి చేస్తాడు, ఇక్కడ పని లేదు. యుద్ధం అయ్యేక మళ్లీ రంగమే పోయేడు." 1964లో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి, నోట్లు రద్దు చేసి, మనవాళ్లను ఓడలెక్కించి పంపేదాకా అక్కడే ఉన్నాడట. విశాఖలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అని ఒక పేటే ఉంది, నేను దాని ముందు నుంచి వెయ్యిసార్లు వెళ్లుంటాను.

మర్నాడు తమ్ముణ్ని తీసుకుని గోపాలపురం వెళ్లాను, బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు. టూరిస్టులు లైట్‌హౌస్ దగ్గర ఐస్‌క్రీములు తింటుంటారు, వాళ్లకు కాస్త దూరంలో పాత రేవు తాలూకు గోడలు, స్తంభాలు ఉప్పుగాలికి పెచ్చులూడి నిలబడి ఉన్నాయి. బోర్డేమీ కనపడలేదు. ఇక్కడి జాలర్లను ఒడియావాళ్లు నోలియాలంటారు, ఇళ్లల్లో వాళ్ల మాట తెలుగే. వల బాగుచేసుకుంటున్న ఒకాయనతో మాటలు కలిపితే తమ్ముడు ఉక్రెయిన్ నుంచి వచ్చాడని తెలిసి, "అక్కడి గొడవకి డీజిలు ఎందుకు పెరిగింది చెప్పు నాయనా, సదువుకున్నోడివి కదా" అని అడిగాడు. వారంలో వేట నిషేధం మొదలు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు కదలదు, ఈ లోపల నాలుగు రాళ్లు సంపాదించుకుందామంటే ఇంజన్ ఖర్చు ఇలా ఉంది. తమ్ముడు ముడిచమురు, ఆంక్షలు, రష్యా డిస్కౌంట్ అని ఓపిగ్గా చెప్పాడు. ఆయన అంతా విని, "డిస్కౌంటుకి కొంటే మరి మాకు తగ్గాల కదా" అన్నాడు. లోక్‌సభలో ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరైనా అడిగారేమో, నేను విన్న భాగంలో లేదు.

ఆ రాత్రే న్యూయార్క్‌లో మానవ హక్కుల మండలి నుంచి రష్యాను సస్పెండ్ చేశారు, 93 అనుకూలం, 24 వ్యతిరేకం, 58 తటస్థం. మనం మళ్లీ తటస్థమే. బాబాయి వార్త విని చదరంగం బల్ల సర్దాడు.

నేను తిరిగొచ్చేశాను. జూలైలో ఆరోగ్య శాఖ లోక్‌సభకు రాతపూర్వకంగా చెప్పింది, విదేశాల నుంచి వచ్చిన వైద్య విద్యార్థుల్ని ఇక్కడి కాలేజీల్లో చేర్చుకోవడానికి అనుమతి లేదని. పిల్లలు జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు. చేరిన యూనివర్సిటీలోనే కోర్సంతా పూర్తి చెయ్యాలన్న నిబంధన కొంత సడలించి, వేరే దేశంలో మిగతా చదువు కానిచ్చుకోవచ్చని సెప్టెంబర్లో మెడికల్ కమిషన్ ఒప్పుకుంది. తమ్ముడు వెతికి వెతికి జార్జియాలో సీటు చూసుకున్నాడు. ఫీజు కట్టేముందు పిన్ని మ్యాప్ తీయించి, దాని చుట్టుపక్కల ఏ దేశాలున్నాయో ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించమంది. వాడు టర్కీతో మొదలుపెట్టాడు, ఉత్తరం వైపు మాత్రం చివరికి ఉంచాడు.