గుప్పెడు బియ్యం

మన బడి సంచికకి రాయమనగానే, తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు బోర్డు మీద గీసిన గోదావరి నా కళ్ళ ముందుకొచ్చింది. ధవళేశ్వరం దగ్గర పాయలు చీల్చి, గౌతమి, వసిష్ఠ అని రాసి, "మీ ఊళ్ళో ఏ క్రైస్తవ సంఘం ఉందో చెప్పండర్రా" అన్నారు. రాజమండ్రి, భీమవరం పిల్లలు లూథరన్ అన్నారు. కాకినాడవాళ్ళు బాప్టిస్టు. ఏలూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉన్నవాడు సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం. నాది నర్సాపురం పక్క, బ్రదరన్. మెథడిస్టు అని ఒక్క చెయ్యీ లేవలేదు. వాళ్ళ పని ఎక్కువగా మెదక్, హైదరాబాదు వైపు. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. ఏర్పడ్డాక మెదక్ వెస్లియన్లూ (వాళ్ళూ మెథడిస్టులే), ఏలూరు ఆంగ్లికన్లూ (ఇంగ్లండు చర్చివాళ్ళు) ఒకే సభ అయ్యారు.

"మీ సంఘం చరిత్ర రాసుకురండి" అన్నారు మాస్టారు. నేను రాశాను: 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురంలో పని మొదలుపెట్టారు, ఆనకట్ట కట్టేటప్పుడు ధవళేశ్వరంలో కూలీల మధ్య బోధించారు, అని. ఒక పేజీ.

మాస్టారు చదివి, మెథడిస్టుల సంగతొకటి చెప్పారు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వాళ్ళ మందిరం మీద అప్పుంది. తలకి వారానికో పెన్నీ వేసుకుందామన్నాడు కెప్టెన్ ఫాయ్. లేనివాళ్ళ సంగతేంటని ఎవరో అడిగారు. మరీ పేదవాళ్ళని పదకొండుమందిని నాకివ్వండి, వాళ్ళు ఇవ్వలేకపోతే వాళ్ళ వంతు నేనే ఇస్తానన్నాడాయన. వారం వారం ఆ పెన్నీకి ఇంటింటికీ తిరగడంతో ఒకరి కష్టం ఒకరికి తెలిసింది. మెథడిస్టులకి ఆద్యుడైన జాన్ వెస్లీ పెట్టిన క్లాసు మీటింగులకి, అంటే చిన్న గుంపులుగా వారం వారం కలుసుకోవడానికి, అదే మొదలు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎసట్లో బియ్యం పోసే ముందు మా అమ్మ గుప్పెడు తీసి ముంతలో వేసేది, దేవుడికని. పక్కింటి ముసలమ్మకి పని దొరకని రోజుల్లో ఆమె పేరున ఇంకో గుప్పెడు. ఆ బియ్యంతోనే మా మందిరానికి పెంకులొచ్చాయి.

"నీ పేజీలో దొరలే ఉన్నారు నాయనా, మీ ఊరివాళ్ళేరీ?" అన్నారు మాస్టారు.

ఆ శనివారం ఇంటికెళ్ళి అమ్మని అడిగాను. ఆవిడకి చదువు రాదు. కాలవగట్టు మొదటింటి నుంచి, ఎవరింట్లో ఎవరు ముంత పెట్టేవారో వరసగా చెప్పుకుపోయింది. లాంతరు ముందు కూర్చుని నేను రాసుకున్నాను. నాలుగు పేజీలు నిండాయి.