తడి స్పాంజీ, రెండు మిల్లీ ఆంపియర్లు

వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మంటే 93, 86 చెప్పి ఆగిపోయాను. ఐదు మాటలు వినిపించి కాసేపాగి అడిగితే ఒక్కటే గుర్తొచ్చింది. జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే ఈ మోకా పరీక్షలో నాకు 30కి 21 వచ్చింది. సాధారణంగా 26 కంటే తగ్గితే అనుమానిస్తారు. బ్యాంకు పని, మాత్రలు, ప్రయాణాలు నా అంతట నేనే చూసుకుంటున్నాను గనక డాక్టర్ దీన్ని డిమెన్షియా అనలేదు, ఎంసీఐ (డిమెన్షియా దాకా పోని స్వల్ప మతిమరపు) అన్నారు.

తలకు కొద్దిపాటి కరెంటు పెట్టే టీడీసీఎస్ అనే చికిత్స మాటెత్తే ముందే బీ12, థైరాయిడ్, వినికిడి, గురక, వాడుతున్న మందులు చూశారు. ఇవేవీ అడక్కుండా నేరుగా మెషీన్ దగ్గర కూర్చోబెడితే లేచి వచ్చేయొచ్చు. నాకు బీ12 తక్కువని తేలి ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

టీడీసీఎస్ అంటే షాక్ ట్రీట్‌మెంట్ కాదు. షాక్‌లో మత్తిచ్చి, దాదాపు 800 మిల్లీ ఆంపియర్లతో ఫిట్స్ తెప్పిస్తారు. ఇందులో 2 మిల్లీ ఆంపియర్లు, 20 నిమిషాలు, పూర్తి మెలకువలో. ఇంత కొద్ది కరెంటు న్యూరాన్లను (మెదడు కణాలను) తనంతట తాను పనిలోకి దించలేదు, పనిలో ఉన్నవాటిని కాస్త సులువుగా స్పందించేలా చేస్తుంది. అందుకే కరెంటు నడుస్తుండగానే స్క్రీన్ మీద అంకెలు వస్తాయి. ఇప్పుడొచ్చిన అంకె రెండు అంకెల కిందట వచ్చినదే అయితే బటన్ నొక్కాలి. కళ్లు మూసుకుని కూర్చుంటే ఆ పూట దండగే.

అసలు సంగతంతా స్పాంజీ దగ్గరుంది. 5 × 7 సెంటీమీటర్ల స్పాంజీలు రెండు. ముక్కు మొదట్లోని పల్లం నుంచి తల వెనక ఎముక గడ్డ దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా టేపుతో కొలిచి, ఎడమ నుదుటికి పైన ఎఫ్3 అనే చోట ప్లస్ పెడతారు. మైనస్ కుడి కనుబొమ్మ పైన. ఒక్కో వైపుకు 6 మిల్లీలీటర్ల సెలైన్ చాలు. ఎక్కువైతే కారి కరెంటు చర్మం మీదే పక్కదారి పడుతుంది, తక్కువైతే చురుక్కుమంటుంది. కుళాయి నీళ్లు వాడితే చర్మం కాలిన సందర్భాలున్నాయి. మన కొబ్బరినూనె దీనికి పెద్ద శత్రువు. ముందురోజే తలస్నానం చేసి నూనె పోగొట్టుకోవాలి, నుదుటి మీద విభూతి, కుంకుమ తుడిచేయాలి.

లెక్క చూడండి. కరెంటుకు తగిలే అడ్డం (రెసిస్టెన్స్) 5 కిలో ఓమ్‌లైతే 10 వోల్టులు సరిపోతాయి. స్పాంజీ ఆరి 15కి పెరిగితే మెషీన్ అదే 2 మిల్లీ ఆంపియర్ల కోసం 30 వోల్టులు తోస్తుంది. తడి మిగిలిన చిన్న జాగాలోంచే అదంతా పోతుంది, అక్కడే కాలుతుంది. ఇంట్లో సొంతంగా చేసుకునే కిట్లంటే నాకు భయం అందుకే.

మొదటి అరనిమిషం కరెంటు మెల్లగా పెరుగుతుంటే దురద పుడుతుంది. దురద పుట్టింది గదా, పనిచేస్తోందనుకోవద్దు. పరిశోధనల్లో ఉత్తుత్తి ట్రీట్‌మెంట్ ఇచ్చేవాళ్లు ఆ అరనిమిషం నిజం కరెంటే పెట్టి ఆపేస్తారు, రెండూ ఒకేలా అనిపిస్తాయి.

వయసుతో ఇంకో చిక్కుంది. మెదడు కుంచించుకుపోయిన కొద్దీ దాని చుట్టూ ద్రవం పెరుగుతుంది. ఉప్పునీటి లాంటి ఆ ద్రవంలోంచి కరెంటు హాయిగా పారిపోతుంది, మెదడు పైపొరకు చేరేది తగ్గుతుంది. కుర్రవాళ్లకు సరిపోయిన డోసు మాకూ అంతే పనిచేస్తుందనుకోలేం.

2022లో బోస్టన్ యూనివర్సిటీవాళ్లు 65 నుంచి 88 ఏళ్లవాళ్లకు నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు ఇస్తే నెల దాకా జ్ఞాపకశక్తి మెరుగ్గా ఉందన్నారు. ఆ వార్త పట్టుకొచ్చినవాళ్లకు రెండు మాటలు చెప్తుంటాను. అది అలల్లా మారే కరెంటు, నాకిచ్చింది సూటి కరెంటు. పైగా వాళ్లకు జబ్బు లేదు.

కోర్సయ్యాక నాకు 24 వచ్చింది. ఫోన్ నంబరు విని రాసుకునేదాకా నిలుస్తోంది, పేర్లు మాత్రం ఇంకా జారిపోతున్నాయి. ఆ మూడు మార్కుల్లో బీ12ది ఎంతో, అంకెల సాధనది ఎంతో, పరీక్ష అలవాటు కావడం ఎంతో, కరెంటుది ఎంతో విడదీయలేమని డాక్టరే అన్నారు. పేస్‌మేకర్, తలలో లోహం, ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. నెత్తిన పుండో గీతో ఉంటే మానేదాకా ఆగాలి.