బొక్కల చదువు: ఎడిన్‌బరోలో నా మొదటి స్పాట్ టెస్టు దాకా

తెలుగు మీడియంలో చదువుకుని, విదేశంలో ఉంటూ, మనిషి ఎముకల మీద మాస్టర్స్ చేయాలని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది కరీంనగర్ దగ్గర ఊరు. డిగ్రీలో బీజెడ్‌సీ. పెళ్లయ్యాక ఎడిన్‌బరో వచ్చి నాలుగేళ్లు కేర్ హోమ్‌లో పనిచేశాను. ముప్పై ఒకటో ఏట మళ్లీ క్లాసులో కూర్చున్నాను.

ఆసక్తి పుట్టింది ఆ కేర్ హోమ్‌లోనే. తొంభై దాటిన ఒక అవ్వ మంచం దిగబోయి మెల్లగా కింద కూలబడింది. అంతే, తుంటి దగ్గర తొడ ఎముక సన్నబడే చోట, దాని ‘మెడ’ అంటారు, అక్కడ విరిగింది. అంత చిన్న దెబ్బకు ఎందుకు విరిగిందో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. ఎముక లోపలి తేనెపట్టు లాంటి అల్లిక వయసుతో పలచబడుతుందని, వందల ఏళ్ల కిందటి ఎముకల్లో కూడా ఆ జాడలు చూడొచ్చని తెలిసింది. అలా పాతకాలపు ఎముకలను చదివే శాస్త్రాన్ని ఆస్టియోఆర్కియాలజీ అంటారట. అప్లికేషన్‌లో గొప్పలేమీ రాయలేదు, ఆ అవ్వ గురించే రాశాను.

ఇక్కడ ఈ మాస్టర్స్ ఒక్క ఏడాదే. సెప్టెంబర్‌లో మొదలై ఆగస్టులో డిసర్టేషన్‌తో ముగుస్తుంది. స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లు టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. డబ్బు లెక్క ముందే వేసుకోండి.

అసలు కష్టం మొదటి ప్రాక్టికల్ రోజు ఎదురైంది. బల్ల మీద అట్టపెట్టె, అందులో ఒక మనిషి. నేను అంతకుముందు మనిషి ఎముకలను చూసింది ఒక్కసారే. మా తాత పోయినప్పుడు నాన్న చిన్న కుండలో అస్థికలు తెచ్చాడు, వాటిని కాళేశ్వరంలో కలిపాం. ఇంటికొచ్చి అందరం తలస్నానం చేశాం. ఎముక అంటే నీళ్లలో కలిపేదే కానీ చేతిలోకి తీసుకుని చదివేది కాదు మాకు. పెట్టె మూత తీశాక రెండు నిమిషాలు చేయి పెట్టలేకపోయాను. మనసులో దండం పెట్టుకుని తీశాను. ఇప్పటికీ ప్రతిసారీ అలాగే చేస్తాను. మీకూ అలా అనిపిస్తే సిగ్గుపడకండి.

ఈ భయం వెనక ఉన్న చరిత్ర కూడా తెలుసుకుంటే మంచిది. బర్క్, హేర్ అనే ఇద్దరు 1828లో ఈ ఎడిన్‌బరోలోనే పదహారు మందిని చంపి శవాలను అనాటమీ పాఠాలకు అమ్మారు. 1829లో బర్క్‌ను ఉరి తీశారు. అతని అస్థిపంజరం ఇప్పటికీ యూనివర్సిటీ అనాటమీ మ్యూజియంలో ఉంది. మన దేశం సంగతి ఇంకా బాధ పెడుతుంది. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా పాశ్చాత్య దేశాల మెడికల్ కాలేజీలకు అస్థిపంజరాలు చాలావరకు కలకత్తా నుంచే వెళ్లాయి. వాళ్లలో ఎంతమందిని అడిగి తీసుకుని ఉంటారు? ఎక్కడైనా పాత టీచింగ్ అస్థిపంజరం కనిపిస్తే నాకు ఈ ప్రశ్నే వస్తుంది.

ఇక ప్రిపరేషన్. మొదటి మాక్ టెస్టులో నాకు ఇరవైకి తొమ్మిది వచ్చాయి. పుస్తకం మొత్తం బొమ్మలతో సహా చదివాను, కానీ టెస్టులో వచ్చేవి బొమ్మలు కావు, విరిగిన ముక్కలు. ఒక్కో బల్ల మీద పెట్టిన ముక్క ఏ ఎముక, కుడిదా ఎడమదా, ఏ భాగం, రెండు నిమిషాల్లో రాయాలి. దీన్నే స్పాట్ టెస్టు అంటారు. అక్కడి నుంచి కళ్లతో చదవడం తగ్గించి చేత్తో చదవడం మొదలుపెట్టాను. ల్యాబ్‌లో అనుమతి తీసుకుని, మెత్తటి గుడ్డ పరిచి, కళ్లు మూసుకుని ఒక్కో ఎముకను తడిమేదాన్ని.

ఇంటర్‌లో బట్టీ పట్టిన తెలుగు పేర్లు అప్పుడు నిజంగా పనికొచ్చాయి. మోకాలి కింద ఉండే రెండు ఎముకలు టిబియా, ఫిబులాల్లో ఏది లోపల, ఏది బయట అని క్లాసులో చాలామంది తడబడేవారు. మనకు అంతర్జంఘిక, బహిర్జంఘిక అని పేర్లలోనే ఉంది. చీలమండ దగ్గర చేయి పెట్టి చూసుకోండి, బయటి గుబ్బ బహిర్జంఘికది, లోపలి గుబ్బ అంతర్జంఘికది. మణికట్టులో ఎనిమిది ఎముకలకు ఇంగ్లీషులో ఏదో వాక్యం చెప్తారు, నాకు ఎక్కలేదు. ఆకారాలతో పట్టుకున్నాను: స్కేఫాయిడ్ పడవ, లూనేట్ నెలవంక, పిసిఫారం బఠాణీ గింజ, హేమేట్ కొక్కెం. మోకాలి చిప్పకైతే ఇంకా సులువు. నున్నటి వైపు కిందకు పెట్టి, మొన మీకు దూరంగా ఉండేలా బల్ల మీద వదిలితే ఏ పక్కకు ఒరుగుతుందో ఆ కాలిదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక చిన్న రంధ్రం. మా వైపు ఎముకను బొక్క అంటాం, కోస్తా వాళ్లకు బొక్క అంటే రంధ్రం. పొడుగు ఎముకలన్నిటికీ రక్తనాళం లోపలికి వెళ్లే సన్నని దారి ఉంటుంది, అంటే బొక్కలో బొక్క. అది ఏటవాలుగా లోపలికి పోతుంది. చేతి ఎముకల్లో మోచేతి వైపు, కాలి ఎముకల్లో మోకాలికి దూరంగా. రెండు చివరలూ లేని ముక్కకు కూడా ఏది పైవైపో అదే చెప్తుంది.

డిసెంబర్ టెస్టులో పదకొండో బల్ల మీద సరిగ్గా అలాంటి ముక్కే పెట్టారు. జానెడు కూడా లేదు, రెండు కొసలూ పోయాయి. ఒక అంచు కత్తిలా ఉంది, ముంగాలు. వెనక వైపు వేలికి ఆ చిన్న గాడి తగిలింది. అది పోతున్న దిక్కు చీలమండ వైపని పై కిందలు తేలాయి. మిగిలింది కుడి ఎడమలు. అంతర్జంఘికలో చర్మం కింద తగిలే నున్నటి బల్లపరుపు భాగం ఎప్పుడూ లోపలి వైపే ఉంటుంది. ముక్కను నా కుడి కాలి పక్కన నిలబెట్టి చూశాను, నున్నటి వైపు సరిగ్గా లోపలికి వచ్చింది. ‘కుడి అంతర్జంఘిక’ అని మనసులో అనుకుని, పేపర్ మీద ‘రైట్ టిబియా’ అని రాశాను. గంట మోగింది.

ముప్పైకి ఇరవై ఆరు వచ్చాయి. బయటికొచ్చేసరికి నాలుగైనా కాలేదు, అప్పటికే చీకటి పడింది. ఊళ్లోనే ఉన్న లీత్ అనే పేట వైపు ట్రామ్ ఎక్కాను. ఆ లైన్ వేసేటప్పుడే అక్కడి పాత చర్చి దగ్గర 350కి పైగా మనుషుల అస్థికలు బయటపడ్డాయి. ట్రామ్‌లోంచే అమ్మకు ఫోన్ చేశాను. సెప్టెంబర్‌లో అయితే “గా బొక్కలు ముట్టుకున్నంక తానం చేస్తున్నవా బిడ్డా?” అని రోజూ అడిగేది. ఆ రోజు మార్కులు విని కాసేపు ఆగి, “ఇయ్యాల ఏ బొక్క అడిగిన్రు?” అంది.

“ముంగాలు బొక్క,” అన్నాను. ఫోన్‌లో ఆమె తన కాలు తడుముకుంటున్న గాజుల చప్పుడు వినిపించింది.