యూకేలో ఈసీ పెట్టేముందు తేదీలు సరిచూసుకోండి

జేఎన్‌టీయూలో చదివినవాళ్లకు కండోనేషన్ బాగా తెలుసు. హాజరు 75 శాతానికి తగ్గినా 65 కంటే తగ్గకపోతే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. ఆ అలవాటుతో ఇంగ్లండ్‌కి ఎమ్మెస్సీకి వెళ్లి, ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ (ఈసీ) ఫారం, అంటే జబ్బులాంటి అనుకోని ఇబ్బంది వల్ల పరీక్ష సరిగా రాయలేకపోయానని యూనివర్సిటీకి ఇచ్చే అర్జీ, కూడా మార్కులు చూశాక పెట్టుకోవచ్చులే అనుకుంటే చిక్కే. కొన్నిచోట్ల దీన్నే మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు. పేరు ఏదైనా, ఫలితాల తర్వాత వచ్చిన అర్జీని బలమైన కారణం లేకుండా తీసుకోరు.

అనుకోని ఇబ్బంది, మన చేతిలో లేనిది, సరిగ్గా ఆ పరీక్ష రోజుల్లోనే వచ్చిందా అని చూస్తారు. జ్వరం తగ్గిన పది రోజులకు డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన 'పది రోజుల క్రితం జ్వరం వచ్చిందని చెప్పారు' అని మాత్రమే రాయగలడు. అది విద్యార్థి మాటే తప్ప వైద్యుడి సాక్ష్యం కాదు. అందుకే జబ్బు చేసిన రోజే జీపీ సర్జరీకి (అక్కడి స్థానిక డాక్టర్ క్లినిక్‌కి) ఫోన్ చేయండి. అపాయింట్‌మెంట్ దొరక్కపోయినా ఫోన్ చేసిన సంగతి రికార్డులో ఉండే అవకాశం ఉంది. చిన్న జబ్బులకు కాగితాలేమీ లేకుండా స్వయంగా రాసిచ్చే వీలు చాలాచోట్ల ఉంది గానీ, ఏడాదికి ఇన్నిసార్లే అని లెక్క పెడతారు. దాన్ని తొందరపడి వాడేసుకోకండి.

ఇంట్లో ఎవరైనా పోతే ఇక్కడినుంచి మరణ ధ్రువపత్రం రావడానికి సమయం పడుతుంది. దానికోసం ఆగి గడువు దాటబెట్టుకోవద్దు. ఫారం ముందు పెట్టి, ఆధారం తర్వాత పంపుతానని అందులోనే రాయండి. తెలుగులో ఉన్న కాగితాలకు ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం కావాలి. అమ్మమ్మ, తాతయ్యల ఇంటిపేరు మనది కాదు కాబట్టి బంధుత్వం తెలిపే కాగితం కూడా జతచేయడం మంచిది.

చాలామందికి తెలియని నిబంధన 'ఫిట్ టు సిట్'. ఇది ఉన్నచోట పరీక్ష హాల్లో కూర్చుంటే ఆరోగ్యంగా ఉన్నానని ఒప్పుకున్నట్టే. ఒంట్లో బాగాలేకుండా ధైర్యం చేసి రాసి, తర్వాత ఈసీ పెడితే సాధారణంగా చెల్లదు.

అర్జీ ఒప్పుకున్నా మార్కులు కలపరు. గడువు పొడిగిస్తారు, లేదా తర్వాతి విడతలో మొదటి ప్రయత్నంగానే రాయనిస్తారు. ఈ 'మొదటి ప్రయత్నం' అన్న మాట చాలా విలువైనది. ఫెయిలై మళ్లీ రాస్తే ఎమ్మెస్సీలో మార్కు సాధారణంగా 50 దగ్గరే ఆగిపోతుంది. ఈసీతో వాయిదా పడిన పరీక్షకు ఆ పరిమితి ఉండదు.

లాప్‌టాప్ పాడవడం, పార్ట్‌టైమ్ షిఫ్టులు, ముందే కొన్న టికెట్ లాంటివి మామూలుగా ఒప్పుకోరు. ఆస్తమా, డిప్రెషన్ లాంటి దీర్ఘకాల సమస్యలకు ప్రతిసారీ ఈసీ కాకుండా డిజేబిలిటీ విభాగాన్ని కలవాలి. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం కిందకు వచ్చే సమస్య అయితే అదనపు సమయం లాంటి ఏర్పాట్లు అడిగే హక్కు ఉంది.

తిరస్కరిస్తే ముందు యూనివర్సిటీలోనే అప్పీలు. అదీ ముగిశాక యూనివర్సిటీలో ఇక దారులు లేవని తెలిపే 'కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్' లేఖ తీసుకుంటే, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ లేఖ తేదీ నుంచి 12 నెలల్లోపు, విద్యార్థుల ఫిర్యాదులను విచారించే స్వతంత్ర సంస్థ ఓఐఏకి ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

వాయిదా కోరేముందు వీసా ముగిసే తేదీ కూడా చూడండి. తర్వాతి విడత పరీక్ష దాన్ని దాటిపోతుంటే, ఫారం పంపకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడండి.